నిప్పురవ్వ వేళ తెలిసిన నాయుడుగారు

కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే చిన్న ఊళ్లో, ఒక రైతు కుటుంబంలో, 1893 మార్చి 23న గోపాలస్వామి దొరైస్వామి నాయుడు పుట్టారు. లోకానికి ఆయన జి.డి. నాయుడు. తరాల క్రితమే తమిళనాట స్థిరపడిన తెలుగు కుటుంబం వారిది. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఉర్లాలో ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, ఛత్తీస్‌గఢీ వింటూ పెరిగే మనకు అలాంటి ఇల్లు కొత్తగా అనిపించదు.

పసితనంలోనే ఆయన తల్లిని పోగొట్టుకున్నారు. బడిలో మనసు నిలవలేదు. చదువు చిన్న తరగతులతోనే ఆగిపోయింది. పొలం పనులు చేసుకుంటున్న రోజుల్లో ఒక బ్రిటిష్ అధికారి మోటార్‌సైకిల్ మీద ఆ వైపు వచ్చాడు. ఎద్దు లేకుండా, గుర్రం లేకుండా పరుగెత్తే ఆ బండిని చూశాక ఆ యువకుడికి మరో ధ్యాస లేకపోయింది. కోయంబత్తూరు వెళ్లి హోటల్లో పనికి కుదిరారు. పైసా పైసా కూడబెట్టి, ఆ అధికారి దగ్గరే ఆ బండిని కొన్నారు. కొన్నాక ఊరేగలేదు. ముక్కముక్కగా విప్పారు, మళ్లీ బిగించారు. ఆయనకు అదే బడి, అదే పుస్తకం.

ఆ రోజుల మోటార్‌సైకిల్‌లో నిప్పురవ్వ ఎప్పుడు పడాలో నడిపేవాడే చూసుకోవాలి. అందుకు హ్యాండిల్ మీద ఒక చిన్న మీట ఉండేది. ఎందుకంటే, సిలిండర్‌లో గాలి, పెట్రోలు ఆవిరి కలిసిన మిశ్రమాన్ని పిస్టన్ పైకి నొక్కుతుంది. అప్పుడు స్పార్క్ ప్లగ్ రవ్వ విసురుతుంది. మంట వ్యాపించి పిస్టన్‌ను కిందికి తోస్తుంది. అయితే మంట వ్యాపించడానికీ కొంత సమయం కావాలి. అందుకని పిస్టన్ పైకొసకు చేరక ముందే రవ్వ పడాలి.

ఎంత ముందు? మనమే లెక్క వేసి చూద్దాం. మంట వ్యాపించడానికి సెకనులో 500వ వంతు పడుతుందనుకుందాం. ఇంజన్ నిమిషానికి 1,000 చుట్లు తిరుగుతుంటే, ఆ కాస్త సమయంలో క్రాంక్ 12 డిగ్రీలు తిరుగుతుంది. 3,000 చుట్లు తిరుగుతుంటే 36 డిగ్రీలు తిరుగుతుంది. అంటే వేగం పెరిగేకొద్దీ రవ్వ ముందుగా పడాలి. మరీ ముందు పడితే పైకి వస్తున్న పిస్టన్‌కు మంట ఎదురు తగులుతుంది, ఇంజన్ టకటకా కొట్టుకుంటుంది. ఆలస్యమైతే బలం తగ్గుతుంది, ఇంజన్ వేడెక్కుతుంది, పెట్రోలు వృథా అవుతుంది. ఏ భాగమూ విరగకపోయినా, వేళ తప్పితే చాలు, బండి సరిగా నడవదు.

1920లో నాయుడుగారు ఒక బస్సు సంపాదించి పొల్లాచి, పళని ఊళ్ల మధ్య తానే నడిపారు. ఆ కాలపు బళ్లకు ముందు నిలబడి ఇనుప హ్యాండిల్ తిప్పితేనే ఇంజన్ అందుకునేది. తిప్పే ముందు రవ్వ మీటను ఆలస్యం వైపు జరపాలి. మరిచిపోతే హ్యాండిల్ ఎదురుతిరిగి మణికట్టు విరిగేది. అలాంటి బళ్లతోనే ఆయన యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే సంస్థను నిలబెట్టారు. ఒక్క బస్సుతో మొదలైన ఆ పని కొన్నేళ్లకే దక్షిణ దేశంలో పేరున్న పెద్ద రవాణా సంస్థ అయింది.

తర్వాత ఆయన చేతులు ఊరుకోలేదు. బ్యాటరీతో నడిచే గడ్డం గీసుకునే యంత్రం, పళ్లరసం తీసే యంత్రం, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాను, తక్కువ ధర రేడియో, ఇలా ఎన్నో చేశారు. 1952లో సుమారు రెండు వేల రూపాయల ధరతో ఇద్దరు కూర్చునే పెట్రోలు కారును తయారు చేయించారు. అయితే దానికి ప్రభుత్వ లైసెన్సు దొరకలేదు. కారు తయారీ అంతటితో ఆగిపోయింది. పని సిద్ధమైనా వేళ కలిసి రాలేదు.

చిన్నప్పుడు బడి వదిలిన మనిషే 1945లో కోయంబత్తూరులో పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కళాశాల స్థాపించడానికి ముందు నిలిచారు. పుస్తకంతో పాటు చేతికి నూనె అంటాలని, ఏళ్ల తరబడి సాగే చదువును తక్కువ కాలంలో నేర్పవచ్చని ఆయన నమ్మకం. దీనికి ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన పక్కకు తప్పుకున్నారు. ఆ కళాశాల మాత్రం ఈనాటికీ ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా నడుస్తోంది. 1974 జనవరి 4న నాయుడుగారు కన్నుమూశారు. ఆయన చేసిన వస్తువులను కోయంబత్తూరులో అవినాశి రోడ్డు మీది ప్రదర్శనశాలలో చూడవచ్చు.

ఇప్పటి కార్లలో రవ్వ వేళను కంప్యూటర్ చూసుకుంటుంది. ఉర్లా ఫ్యాక్టరీలకు ఇనుము మోసే డీజిల్ లారీలకు స్పార్క్ ప్లగ్ ఉండదు, కానీ ఇంధనం చిమ్మే వేళ వాటికీ ముఖ్యమే. పాత అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లకు మాత్రం ఇంకా మనిషి చెయ్యి కావాలి. మెకానిక్ డిస్ట్రిబ్యూటర్ బోల్టు కొంచెం వదులు చేస్తాడు. లోపలి రోటర్ తిరిగే దిక్కుకు ఎదురుగా దాన్ని వెంట్రుకవాసి తిప్పితే రవ్వ ముందుకు జరుగుతుంది, అదే దిక్కుకు తిప్పితే వెనక్కి జరుగుతుంది. పుల్లీ మీది గీత గుర్తుకు సరిపోయిందో లేదో చూసి బోల్టు బిగిస్తాడు.

నాన్నగారికి బదిలీ అయి మనం ఏ ఊరు వెళ్లినా అక్కడ ఒక పాత షెడ్డు, అందులో ఇలాంటి మెకానిక్ ఒకరు ఉంటారు. పెద్దల అనుమతి తీసుకుని కాసేపు పక్కన నిలబడి చూడండి. ఎందుకు అలా తిప్పారని అడగండి. నాయుడుగారి చదువు కూడా అలా చూడటంతోనే మొదలైంది.