గ్యారీ కిల్డాల్

గ్యారీ ఆర్లెన్ కిల్డాల్ (మే 19, 1942 - జూలై 11, 1994) అమెరికాకు చెందిన కంప్యూటరు శాస్త్రవేత్త. ఈయన సీపీ/ఎం అనే ఆపరేటింగ్ సిస్టమును రూపొందించాడు. పాత పర్సనల్ కంప్యూటర్లలో స్విచ్చి వేయగానే మొదట పనిచేసే కోడుకు బయాస్ అన్న పేరు వచ్చినది ఈయన వల్లనే.

బాల్యము, విద్య

సియాటిల్ నగరములో జన్మించాడు. ఈయన కుటుంబము నౌకాయాన శాస్త్రము నేర్పే పాఠశాలను నడిపేది. గణితోపాధ్యాయుడు కావాలని వాషింగ్టన్ విశ్వవిద్యాలయములో చేరి, కంప్యూటర్ల వైపు మళ్ళి, 1972లో డాక్టరేటు పొందాడు. మాంటెరేలోని నౌకాదళ విద్యాలయములో బోధించాడు. 1974లో సీపీ/ఎంను తయారుచేసి, భార్య డొరొతీతో కలసి డిజిటల్ రీసెర్చ్ సంస్థను స్థాపించాడు.

బయాస్

ఆ రోజులలో ఒక్కొక్క కంపెనీ కంప్యూటరు నిర్మాణము ఒక్కొక్క విధముగా ఉండేది. కీబోర్డు, తెర, డిస్కులతో నేరుగా వ్యవహరించే కోడునంతటినీ కిల్డాల్ వేరుచేసి, దానిని బయాస్ అన్నాడు. కొత్త యంత్రము వస్తే ఆ చిన్న భాగమును తిరిగి వ్రాసుకొంటే చాలును, తక్కినది మారదు. సీపీ/ఎం 2.2లో బయాస్ ఆరంభమున 17 జంప్ ఆదేశాల పట్టిక ఉంటుంది. మెమరీలోని మొట్టమొదటి బైటు కూడ జంప్ ఆదేశమే. దాని తరువాతి రెండు బైట్లలో ఆ పట్టికలోని రెండవ ఆదేశము చిరునామా ఉంటుంది. డీడీటీ అనే ప్రోగ్రాముతో ఈ మూడు బైట్లను చదివితే బయాస్ ఎక్కడున్నదో తెలుస్తుంది, అక్కడి నుండి ఒక్కొక్క ఆదేశమును విప్పి చూడవచ్చును. తన కోడును పరీక్షించే ఈ సాధనమును కూడ కిల్డాల్ సీపీ/ఎంతో పాటే ఇచ్చాడు.

ఐబీఎం వ్యవహారము

1980లో ఐబీఎం ప్రతినిధులు వచ్చినపుడు ఒప్పందము కుదరలేదు. కిల్డాల్ విమానవిహారానికి వెళ్ళి అవకాశము జారవిడుచుకొన్నాడన్న కథ బహుళ ప్రచారము పొందినది. వ్యాపారపు పనిమీద వెళ్ళి ఆనాడే తిరిగివచ్చానని ఆయన చెప్పేవాడు. మైక్రోసాఫ్ట్ సంస్థ, సీపీ/ఎంను పోలిన వేరొక సిస్టమును సియాటిల్ కంపెనీ ఒకదాని నుండి కొని ఐబీఎంకు అందించింది. 1981లో ఐబీఎం పీసీ వెలువడినది. దానికి డాస్ వెల 40 డాలర్లు, సీపీ/ఎం వెల 240 డాలర్లు. పోటీ అక్కడితోనే ముగిసినదనవచ్చు.

అయితే బయాస్ పేరు మాత్రము నిలిచినది. సీపీ/ఎంలో సాధారణముగా డిస్కు నుండి వచ్చే ఆ కోడును ఐబీఎం 8 కిలోబైట్ల రోమ్ చిప్పులో ఉంచినది. దాని పూర్తి పాఠమును అచ్చువేసినా, కాపీహక్కు తనవద్దనే ఉంచుకొన్నది. అందుచేత ఫీనిక్స్ సంస్థలో ఒక బృందము దానిని చదివి పనితీరును మాత్రము వ్రాసి ఇవ్వగా, అసలు కోడును ఎన్నడూ చూడనివారు కొత్త బయాస్‌ను వ్రాశారు. 1984 నుండి అది అనేక కంపెనీల పీసీలకు లభించినది.

చివరి దినములు

1991లో డిజిటల్ రీసెర్చ్‌ను నోవెల్ కొనుగోలు చేసింది. తలకు తగిలిన గాయము వలన కిల్డాల్ తన 52వ యేట మాంటెరేలో మరణించాడు. 2014లో పసిఫిక్ గ్రోవ్‌లోని ఆయన పూర్వ కార్యాలయము వద్ద ఐఈఈఈ ఫలకమును ప్రతిష్ఠించినది.