కైవార తాతయ్య: తిరిగి తిరిగి పాడే పల్లవి

ముళబాగిలు, శ్రీనివాసపురం, చింతామణి ప్రాంతాల తెలుగు పల్లెల్లో కైవార తాతయ్య పేరు తెలియని ఇల్లు అరుదు. యోగి నారేయణ అన్నది ఆయనకున్న మరో పేరు. ఆయన పుట్టిన కైవారం 2007 వరకు కోలారు జిల్లాలో ఉండి, ఆ ఏట చిక్కబళ్లాపుర జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. పాలనాపరంగా జిల్లాలు వేరయ్యాయే తప్ప భజన మందిరాలలో ఆయన పాట వేరు కాలేదు.

తాతయ్య 1726లో కొండప్ప, ముద్దమ్మ దంపతులకు బలిజ కుటుంబంలో జన్మించారు. గాజుల మలారం భుజాన వేసుకొని ఊరూరా తిరిగి అమ్మడం ఆయన వృత్తి. ఆ తిరుగుడులోనే పల్లె స్త్రీల మాట తీరు, పొలం పనుల భాష, సంతల నుడికారం ఆయనకు పట్టుబడ్డాయని చెప్పవచ్చు. వ్యాపారంలో లాభం చూసుకోవడం ఆయనకు చేతకాలేదనీ, అందువల్ల ఇంట భార్య మునియమ్మతో మాట పట్టింపులు వచ్చాయనీ, చివరకు సంసారం మీద విరక్తి కలిగిందనీ పెద్దలు చెప్పుకుంటారు.

పరదేశి స్వామి అనే గురువు ఆయనకు అష్టాక్షరీ మంత్రం ఉపదేశించి, ఒక గులకరాయిని నోట ఉంచుకొమ్మన్నారట. ఆ రాయి కలకండగా మారేవరకు జపం ఆపరాదన్నది గురువాజ్ఞ. కైవారం చెంత కొండగుహలో కూర్చొని తాతయ్య అదే మంత్రాన్ని ఏళ్ల తరబడి జపించగా రాయి తీపెక్కిందని ఐతిహ్యం. ఇది చరిత్ర కాకపోవచ్చు. అయితే ఒకే మాటను విడువక పలికినవానికే అందులోని రుచి తెలుస్తుందన్న భావం ఈ కథలో ఉన్నది. ఆయన కీర్తనలు పాడే తీరుకు కూడా ఈ భావమే మూలం.

ఆయన జీవించిన కాలం ప్రశాంతమైనది కాదు. 1768లో ముళబాగిలు కోట కోసం హైదర్ అలీ సేనలకూ ఆంగ్ల కంపెనీ సేనలకూ యుద్ధం జరిగింది. అప్పటికి తాతయ్యకు నలభై రెండేళ్లు. 1799లో టిప్పు సుల్తాన్ మరణంతో రాజ్యమే చేతులు మారింది. అటువంటి రోజుల్లో ఆయన తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు, శతకాలు, కాలజ్ఞానం చెప్పారు. కులభేదాలను, డాంబిక భక్తిని నిరసించి, గురుభక్తిని, నామస్మరణను బోధించారు. తమ ఊరి దేవుడైన అమరనారేయణస్వామి పేరును ముద్రగా నిలిపారు. 1836లో, నూట పదేళ్ల వయసులో, కైవారంలోనే జీవసమాధి పొందారని భక్తుల విశ్వాసం.

కన్నడ తెలుగుల కలయిక ఈ సీమకు కొత్త కాదు. ముళబాగిలు చెంత నరసింహతీర్థంలో బృందావనస్థులైన శ్రీపాదరాజులు పదిహేనవ శతాబ్దంలోనే కన్నడంలో దేవరనామాలు రచించి, పూజలో దేశభాషకు చోటిచ్చారు. తాతయ్య ఆ బాటలోనే సాగి, రెండు భాషల వారినీ ఒకే మందిరంలో కూర్చోబెట్టారు.

భజనలో ఒకరు పల్లవి అందుకుంటారు, తక్కినవారు దానినే తిరిగి పలుకుతారు. చరణం ముగిసిన ప్రతిసారీ పల్లవి మళ్లీ వస్తుంది. పట్టణంలో కచేరీలు విని వచ్చినవారికి ఇది విసుగనిపించవచ్చు. పాడిందే పాడుతున్నారేమని వారు అడగవచ్చు. శ్రద్ధగా విన్నవారికి మాత్రం ఏ రెండు ఆవృత్తులూ ఒకటి కావని తెలుస్తుంది. మొదట నిదానంగా సాగిన తాళం క్రమంగా వేగం పుంజుకుంటుంది. ఒకసారి మద్దెల ముందుకు వస్తుంది, మరొకసారి తాళాలు మాత్రమే మిగులుతాయి. ముందుపాటగాడు ఒక మాటను సాగదీస్తాడు, వెనుకవారు దానిని పట్టుకుంటారు. తాతయ్యకు సమకాలికులైన త్యాగరాజస్వామి (1767–1847) కృతుల్లో ఒకే పంక్తిని సంగతులతో పెంచుతూ పాడే పద్ధతి ఉన్నది. అక్కడ ఆ వైవిధ్యం విద్వాంసుని సాధనవల్ల వస్తుంది. భజనలో అది గుంపు ఊపిరి నుండి పుడుతుంది.

ఈ ఆవృత్తి వల్ల మరొక మేలు కూడా జరిగింది. చదువురాని వారు, పిల్లలు, పుస్తకం లేనివారు సైతం మూడుసార్లు వింటే నాలుగోసారి గొంతు కలపగలరు. సరిహద్దు పల్లెల పిల్లలు అనేకులు కన్నడ మాధ్యమంలో చదువుతారు. తెలుగు లిపి రాక, తాతయ్య తెలుగు కీర్తనలను కన్నడ లిపిలో వ్రాసుకొని పాడేవారు ఎందరో ఉన్నారు. వారి నోట తెలుగు నిలవడానికి ఈ పల్లవులు గొప్ప ఆధారం.

1961లో రాజ్‌కుమార్ నటించిన కైవార మహాత్మె అనే కన్నడ చిత్రం వచ్చింది. గురుపూర్ణిమకు కైవారంలో మూడు రోజులు, 72 గంటలు ఎడతెగక సంగీతోత్సవం జరుగుతుంది. విద్వాంసులతో పాటు పల్లె భజన బృందాలూ అక్కడ పాడతాయి.

నేడు కొన్ని బృందాలు పాత కీర్తనకు సినిమా బాణీ కట్టి, పల్లవిని ఒకసారికి కుదించి, అయిదు పాటలు పాడే వేళలో పది పాటలు ముగిస్తున్నాయి. కొత్త బాణీ కట్టడం తప్పు కాదు. తాతయ్య కూడా తమ కాలపు జనం నోళ్లలో ఆడే భాషలోనే చెప్పారు. కానీ పల్లవి తగ్గితే వెనుక కూర్చున్నవారికి గొంతు కలిపే వ్యవధి ఉండదు. అప్పుడు పాడేవారు నలుగురు, వినేవారు నలభై మంది అవుతారు. భజన కచేరీగా మారిపోతుంది. పాట నేర్చుకోకుండానే పిల్లలు ఇంటికి వెళ్తారు.

అందుచేత బాణీ ఏదైనా, పిల్లలు అందుకొనేవరకు పల్లవిని తిరిగి తిరిగి పాడడం పెద్దల బాధ్యత. గాజుల మలారంతో ఊరూరా తిరిగిన ఆ తాతయ్య పాట ఇంతకాలం ఈ పల్లెల్లో నిలిచింది ఆ విధంగానే.