రేడియో లేదు.. కార్పెట్ లేదు.. అయినా ప్రపంచాన్ని ఊపేసిన కారు! ఎంజో ఫెరారీ చివరి కారు కథ ఇదీ

కోట్లు పోసి కొనే కారంటే మెత్తటి సీట్లు, మ్యూజిక్ సిస్టమ్, సకల సౌకర్యాలు ఉంటాయనుకుంటాం. కానీ 1987 జులై 21న ఇటలీలోని మరనెల్లోలో ఫెరారీ బయటపెట్టిన కారులో రేడియో లేదు. కింద కార్పెట్ లేదు. పవర్ స్టీరింగ్ లేదు. లోపలి నుంచి డోర్ తీయాలంటే హ్యాండిల్ కూడా ఉండదు, ఒక కేబుల్ లాగాలి. అదే ఎఫ్40. ఫెరారీ పేరుతో కార్లు మొదలై 40 ఏళ్లయిన గుర్తుగా పెట్టిన పేరది. అప్పటికి 89 ఏళ్లున్న ఎంజో ఫెరారీ స్వయంగా ఓకే చేసిన చివరి కారు కూడా అదే. ఇంతకీ ఇలాంటి కారు ఎందుకు చేశారు? ఆయన జీవితం చూస్తే అర్థమవుతుంది.

ఉద్యోగం ఇవ్వని కంపెనీ

ఎంజో 1898లో మోడెనాలో పుట్టారు. తండ్రికి లోహపు పనుల వర్క్‌షాప్ ఉండేది. 1916లో తండ్రి, అన్న ఇద్దరూ చనిపోయారు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరిన ఎంజో అక్కడ కంచర గాడిదలకు నాడాలు కొట్టారు. జబ్బు చేసి బయటికొచ్చాక ఫియట్‌లో ఉద్యోగం అడిగితే దొరకలేదు. తర్వాత ఆల్ఫా రోమియోలో రేసు డ్రైవర్ అయ్యారు. 1929లో స్కుడేరియా ఫెరారీ పేరుతో రేసు టీమ్ పెట్టారు.

1939లో ఆల్ఫాతో తెగిపోయింది. నాలుగేళ్లు సొంత పేరుతో రేసింగ్ చేయకూడదని షరతు. ఆ తర్వాత రెండో ప్రపంచ యుద్ధంలో మరనెల్లో ఫ్యాక్టరీపై బాంబులు పడ్డాయి. అయినా ఆగలేదు. 1947లో ఫెరారీ పేరుతో తొలి కారు 125 ఎస్ వచ్చింది. 1951లో సిల్వర్‌స్టోన్‌లో ఫెరారీకి తొలి ఫార్ములా వన్ విజయం దక్కింది. ఓడించింది ఎవరినో కాదు.. ఆల్ఫా రోమియోనే!

రేసు కోసమే అమ్మకం

ఇక్కడే అసలు పాయింట్ ఉంది. మిగతా కంపెనీలు కార్లు అమ్ముకోవడానికి రేసులు ఆడేవి. ఎంజోది రివర్స్. రేసులకు డబ్బు కావాలి కాబట్టి రోడ్డు కార్లు అమ్మేవారు. 1969లో ఆ డబ్బు కోసమే కంపెనీలో సగం వాటా అమ్మేశారు. కొన్నది ఒకప్పుడు ఆయనకు ఉద్యోగం ఇవ్వని ఫియట్! రేసింగ్ పెత్తనం మాత్రం తన దగ్గరే ఉంచుకున్నారు.

ఈ పిచ్చికి మూల్యం కూడా పెద్దదే. 1957 మిల్లె మిలియా రేసులో ఫెరారీ కారు టైరు పేలి జనంలోకి దూసుకెళ్లింది. కారులో ఉన్న ఇద్దరితో పాటు 9 మంది ప్రేక్షకులు చనిపోయారు. వాళ్లలో ఐదుగురు పిల్లలు. ఎంజోపై కేసు పెట్టారు. 1961లో నిర్దోషిగా తేలారు కానీ పోయిన ప్రాణాలు తిరిగి రాలేదు. అంతకు ఏడాది ముందే, 1956లో, కండరాల జబ్బుతో కొడుకు డీనో 24 ఏళ్లకే చనిపోయాడు.

ఆగిపోయిన రేసు కారే ఎఫ్40

1984లో గ్రూప్ బి రేసుల కోసం ఫెరారీ 288 జీటీఓ తెచ్చింది. దాన్నే ఇంకా తేలిక చేసి ట్రాక్ కోసం 'ఎవొలుజియోనె' తయారు చేశారు. బరువు 940 కిలోలు, పవర్ 650 హార్స్ పవర్! కానీ ర్యాలీల్లో వరుస మరణాలతో 1986 సీజన్‌తో గ్రూప్ బి రద్దయింది. కారు రెడీ, ఆడటానికి రేసే లేదు.

ఆ కారునే రోడ్డెక్కించే పనికి ఎంజో పచ్చజెండా ఊపారు. ఇంజినీర్ నికోలా మాతెరాజీ టీమ్ దాదాపు ఏడాదిలో పని పూర్తి చేసింది. బాడీకి కార్బన్ ఫైబర్, కెవ్లార్ వాడారు. 2.9 లీటర్ల ట్విన్ టర్బో వీ8 ఇంజిన్, 478 హార్స్ పవర్, గంటకు 324 కిలోమీటర్ల వేగం. ఇంధనం, ఆయిల్ లేకుండా బరువు 1,100 కిలోలే. బరువు పెంచే సౌకర్యాలన్నీ పక్కన పెట్టారు. 400 కార్లు చేద్దామనుకుంటే, 1992 దాకా 1,300కు పైగా చేయాల్సి వచ్చింది.

చూడలేకపోయిన గెలుపు

1988 ఆగస్టు 14న ఎంజో కన్నుమూశారు. నెల తిరగకముందే, సెప్టెంబర్ 11న, మోంజాలో ఇటాలియన్ గ్రాండ్ ప్రి. ఆ ఏడాది 16 రేసుల్లో 15 మెక్‌లారెన్‌వే. మిగిలిన ఆ ఒక్కటి ఇదే. ఫెరారీ డ్రైవర్లు బెర్గర్, అల్బొరెటో మొదటి రెండు స్థానాల్లో నిలిచారు.

తర్వాత 2003లో చాలెంజ్ స్ట్రడాలే, 2007లో 430 స్కుడేరియా, 2013లో 458 స్పెచాలే వచ్చాయి. అన్నిట్లోనూ ఫార్ములా ఒక్కటే.. బరువు తగ్గించు, ట్రాక్‌కు దగ్గర చెయ్యి. రోడ్డు కార్లు అమ్మి రేసులు నడిపిన పెద్దాయన, చివరికి రేసు కారునే రోడ్డు మీదకు వదిలి వెళ్లారు.