యల్లాప్రగడ సుబ్బారావు

నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని భీమవరమున 1895 జనవరి 12వ తేదీన సుబ్బారావు జన్మించెను. బాల్యమున అతని మనసు చదువుపై నిలువలేదు. కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని ఒకనాడు ఇల్లు విడిచి పారిపోయెను. తల్లి వెంకమ్మ అతనిని వెనుకకు రప్పించి మరల బడికి పంపెను. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు కృతార్థుడయ్యెను.

మద్రాసు వైద్యకళాశాలలో చదువుచు ఖద్దరు ధరించినందులకు ఆంగ్లేయుడగు శస్త్రవైద్యాచార్యుని ఆగ్రహమునకు గురియయ్యెను. కడకు ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగా, అంతకన్న తక్కువదగు ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కెను. ఆ కాలముననే స్ప్రూ అను ప్రేగుల వ్యాధి ఇద్దరు సోదరులను కొలదిదినముల తేడాతో బలిగొనెను. వైద్యము నేర్చిన సోదరుడున్నను, ఇచ్చుటకు మందు లేదు.

1922లో సుబ్బారావుగారు భార్యను స్వదేశమున విడిచి అమెరికాలోని బోస్టను నగరము చేరిరి. పగలు హార్వర్డులో చదువు. రాత్రి ఆస్పత్రిలో పరిచారకుని పని. ఫిస్కే అను శాస్త్రజ్ఞునితో కలసి, రక్తమునందలి ఫాస్ఫరసును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. అయినను హార్వర్డులో స్థిరమైన ఉద్యోగము లభింపలేదు. 1940లో లెడర్లీ అను మందుల సంస్థలో చేరిరి.

అచట ఆయన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. అది స్ప్రూ వ్యాధికి పనిచేసెను. సోదరుల ప్రాణములు నిలుపవలసిన మందు పాతికేండ్లు ఆలస్యముగా వచ్చినది! మన తీరప్రాంతములను పీడించిన బోదకాలు వ్యాధికి వాడు హెట్రజాను కూడ ఆ ప్రయోగశాలలో పుట్టినదే.

దేహమందలి కణములు వృద్ధిచెందుటకు ఫోలిక్ ఆమ్లము అవసరము. సిడ్నీ ఫార్బరు అను బోస్టను వైద్యుడు లుకేమియా అను రక్తక్యాన్సరు గల బిడ్డలకు ఆ జాతి పదార్థములనిచ్చి చూడగా, వ్యాధి తగ్గుటకు మారుగా విజృంభించెను. మందనుకొన్నది వ్యాధికి ఆహారమయ్యెను. అట్లయిన ఆ ఆహారమును వ్యాధికణములకు అందకుండ చేయరాదా? సుబ్బారావుగారి బృందము ఫోలిక్ ఆమ్లమును పోలియుండియు, దాని పని చేయజాలని రసాయనములను తయారుచేసెను. దొంగ తాళపుచెవి తాళములో దూరును గాని తాళమును తెరువదు. పైగా అసలు చెవికి చోటీయదు. అమినోప్టెరిను అను మందు చేయు పని అట్టిదే.

1948 జూన్ మాసమున ఫార్బరు తన ఫలితములను ప్రకటించెను. వ్యాధి ముదిరిన 16 మంది బిడ్డలలో 10 మందికి గుణము కనిపించెను. ఆ గుణము శాశ్వతము కాలేదు, వ్యాధి తిరుగబెట్టెను. కాని లుకేమియా మందుకు లొంగునని అంతకుముందు నమ్మినవారు అరుదు.

ఆ యేటి ఆగస్టులోనే, 53 ఏండ్ల వయసున, సుబ్బారావుగారు నిద్రలో కన్నుమూసిరి. స్వదేశమునకు తిరిగి రానేలేదు. ఆయన బృందము తయారుచేసిన మరియొక మందు మెథోట్రెక్సేటు. 1956లో లీ, హెర్ట్జు అను వైద్యులు దానితో గర్భమునందలి మాయ కణములనుండి పుట్టు క్యాన్సరును నయము చేసిరి. బిడ్డల లుకేమియాకు నేడు వాడు మందులలోను అది యున్నది.