సైకిలును నమ్ముకుని బతికిన సర్ ఫ్రాంక్ బౌడెన్



సైకిలు ఎక్కని హాస్టల్ విద్యార్థి అరుదు. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో సైకిలుతో ముడిపడిన ఒక ప్రముఖుని జీవితం మీ ముందుంచుతున్నాం. ఆయన సర్ ఫ్రాంక్ బౌడెన్, ర్యాలీ సైకిళ్ళ కంపెనీ స్థాపకుడు.

బౌడెన్ 1848లో ఇంగ్లాండులో జన్మించారు. యువకుడిగా హాంగ్‌కాంగ్ వెళ్ళి బాగా సంపాదించారు. కానీ ఆరోగ్యం పాడైంది. స్వదేశానికి తిరిగి వచ్చాక డాక్టర్లు ఆయనకు సైకిలు తొక్కమని సలహా ఇచ్చారు. తొక్కుతూ తొక్కుతూ ఆయన కోలుకున్నారు. తనకు మేలు చేసిన బండి ఎక్కడ తయారవుతుందో చూడాలని నాటింగ్‌హామ్‌లోని ర్యాలీ వీధికి వెళ్ళారు. అక్కడ వుడ్‌హెడ్, ఆంగ్వా, ఎల్లిస్ అనే ముగ్గురు చిన్న వర్క్‌షాపు నడుపుతున్నారు. వారానికి మూడు సైకిళ్ళు తయారైతే గొప్ప. 1888లో బౌడెన్ అందులో పెట్టుబడి పెట్టారు. 1888 డిసెంబరులో ఆ వీధి పేరుతోనే కంపెనీ ఏర్పడింది. 1896 నాటికి అది ప్రపంచంలోనే అతి పెద్ద సైకిళ్ళ ఫ్యాక్టరీగా పేరు పొందింది.

ఆ రోజుల్లో సైకిలుకు ఒకటే గేరు. చదును నేల మీద హాయిగా సాగేది, మిట్ట వస్తే దిగి నెట్టుకుపోవాల్సిందే. ఈ కష్టానికి విరుగుడు వెనక చక్రం హబ్బులోనే గేర్లు దాచడం అని కొందరు ఆలోచించారు. బడిపంతులుగా పనిచేసి పత్రికా సంపాదకుడైన హెన్రీ స్టర్మీ ఒకరు, ఇంజనీరు జేమ్స్ ఆర్చర్ ఇంకొకరు. వారిద్దరి హక్కులనూ బౌడెన్ ఒక్కచోటికి చేర్చారు. అలా 1902-03లో స్టర్మీ-ఆర్చర్ మూడు గేర్ల హబ్బు పుట్టింది.

తమ్ముళ్ళారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. వాడుకలోకి వచ్చిన ఆ హబ్బును రూపొందించిన అసలు మనిషి విలియం రైలీ. ఆయన అంతకుముందే రెండు గేర్ల హబ్బు కనిపెట్టి, దాని హక్కులు ఒక కంపెనీకి రాసిచ్చారు. ఆ ఒప్పందం వల్ల కొత్త హబ్బుకు తన పేరు పెట్టుకోలేకపోయారు. పేటెంటు తోటి పనివాడు ఆర్చర్ పేరున వచ్చింది. లక్షలాది హబ్బుల మీద ఇద్దరి పేర్లు చెక్కారు, రైలీ పేరు లేదు. చెప్పు కుట్టిన చేతికి, డప్పు కట్టిన చేతికి, బట్ట నేసిన చేతికి పేరు దక్కని సంగతి మన ఇళ్ళలో అందరికీ తెలుసు. అందుకే బౌడెన్ జీవితం రాస్తూ రైలీని వదలలేకపోయాం. సంతకం పెట్టే ముందు కాగితం పూర్తిగా చదవాలన్న పాఠం కూడా ఆయన జీవితంలోనే ఉంది.

ఈ హబ్బు ఎలా పనిచేస్తుంది? 1936లో వచ్చిన ఏడబ్ల్యూ రకాన్ని చూద్దాం. ఇరుసుకు కదలకుండా బిగించిన నడిమి చక్రానికి 20 పళ్ళు. దాని చుట్టూ తిరిగే నాలుగు చిన్న చక్రాలు. వాటిని చుట్టి 60 పళ్ళ వలయం. చైను బలం చిన్న చక్రాల పంజరానికి అందితే వలయం మూడింట నాలుగు వంతుల వేగంతో తిరుగుతుంది, అది మూడో గేరు. బలం వలయానికి అంది పంజరం చక్రాన్ని తిప్పితే వేగం నాలుగింట మూడు వంతులు, అది మిట్ట ఎక్కే గేరు. రెండోది ఉన్నది ఉన్నట్టే.

మూలన పడిన పాత ఫ్రేముకు ఈ హబ్బు వేయాలనుకునే తమ్ముళ్ళకు నాలుగు మాటలు. ముందుగా దారం పరీక్ష చేయండి. వెనక ఫోర్కు ఒక కొస నుంచి ముందు గొట్టం చుట్టి రెండో కొసకు దారం లాగి కట్టాలి. సీటు గొట్టానికి రెండు పక్కలా దూరం సమానంగా లేకపోతే ఫ్రేము వంగినట్టే. తరువాత స్పోకు రంధ్రాలు లెక్కపెట్టండి. మన పాత సైకిళ్ళ వెనక రిమ్ముకు సాధారణంగా 40 ఉంటాయి, హబ్బు 36 రంధ్రాలదైతే జత కుదరదు. ఇరుసు తిరగకుండా ఆపే వాషర్లు మరువకండి. కేబులు సరిగా బిగించకపోతే రెండు, మూడు గేర్ల మధ్య పెడలు ఒక్కసారిగా ఖాళీగా తిరిగి మనిషి పడిపోయే ప్రమాదం ఉంది. పాత హబ్బుకు ఉండే చిన్న మూత తీసి అప్పుడప్పుడు నాలుగు చుక్కల నూనె వేస్తే అది దశాబ్దాలు నడుస్తుంది.

బౌడెన్‌కు 1915లో బారొనెట్ బిరుదు వచ్చింది. 1921లో కన్నుమూశారు. కుమారుడు హెరాల్డ్ కంపెనీ నడిపారు. 1950లలో అసన్‌సోల్‌లో సేన్-ర్యాలీ ఫ్యాక్టరీ ద్వారా ఆ పేరు మన దేశపు రోడ్ల మీదికీ వచ్చింది. 2000లో నాటింగ్‌హామ్‌లో హబ్బుల తయారీ ఆగి, ఆ పని తైవాన్ చేరింది.

డబ్బున్న బౌడెన్ మంచి పనిని గుర్తించి నిలబెట్టారు. చేతిలో నైపుణ్యం ఉన్న రైలీ దాన్ని సృష్టించారు. చదువుకుంటున్న మనకు రెండూ కావాలి. పని నేర్చుకుందాం, మన పేరు మనమే రాసుకుందాం.