చింతామణ్ దేశ్‌ముఖ్: అంకెలు, అంతరాత్మ

బ్యాంకుల జాతీయీకరణ ప్రస్తావన వచ్చినప్పుడల్లా 1969 జులై 19వ తేదీని, శ్రీమతి ఇందిరాగాంధీని తలచుకోవడం దేశ రాజధానిలో పరిపాటి. ఆ నిర్ణయం వెలువడి నెల తిరగకముందే రాష్ట్రపతి ఎన్నిక జరిగింది. రంగంలో నిలిచిన ముఖ్యులు ముగ్గురు. వారిలో శ్రీ వి.వి. గిరి, శ్రీ నీలం సంజీవరెడ్డి తెలుగువారు. మూడవవారు తెలుగింటి అల్లుడు చింతామణ్ ద్వారకానాథ్ దేశ్‌ముఖ్. ప్రభుత్వ జోక్యాన్ని వ్యతిరేకించే స్వతంత్ర పార్టీ, జనసంఘ్ ఆయనను బలపరిచాయి. చిత్రమేమంటే, అంతకు పద్నాలుగేళ్ల ముందే దేశంలోని అతి పెద్ద బ్యాంకును ప్రభుత్వపరం చేసిన ఆర్థికమంత్రి ఆయనే. ఈ వైరుధ్యాన్ని అర్థం చేసుకోవాలంటే ఆయన జీవితాన్ని మొదటినుంచీ చూడవలసి ఉంటుంది.

దేశ్‌ముఖ్ 1896 జనవరి 14న నేటి మహారాష్ట్రలోని రాయగఢ్ జిల్లాలో, మహాడ్ సమీపాన ఒక న్యాయవాది కుటుంబంలో జన్మించారు. 1912 మెట్రిక్యులేషన్‌లో బొంబాయి విశ్వవిద్యాలయానికే ప్రథములై, సంస్కృతంలో స్కాలర్‌షిప్ గెలుచుకున్నారు. కేంబ్రిడ్జిలో చదివినది మాత్రం ప్రకృతి శాస్త్రాలు. అందులోనూ వృక్షశాస్త్రంలో బహుమతి పొందారు. 1918లో ఐ.సి.ఎస్. పరీక్షలో ప్రథమ స్థానం ఆయనదే. మధ్యపరగణాలు, బేరార్ ప్రాంతంలో భూమిశిస్తు నిర్ణయం మొదలుకొని ఆర్థికశాఖ కార్యదర్శిత్వం వరకు రెండు దశాబ్దాలు పనిచేశారు. ఆర్థికశాస్త్రాన్ని ఆయన తరగతి గదిలో కంటె రైతుల పొలాల్లోనూ, సచివాలయం కాగితాల్లోనూ ఎక్కువగా నేర్చుకున్నారని నేను భావిస్తాను.

1939లో రిజర్వు బ్యాంకులో అడుగుపెట్టి, 1943 ఆగస్టు 11న గవర్నరు పదవిని చేపట్టారు. ఆ పీఠం అధిష్ఠించిన మొదటి భారతీయుడు ఆయనే. అది ఎటువంటి సమయమో గుర్తుచేసుకోవాలి. వంగదేశంలో కరవు లక్షల ప్రాణాలను బలిగొంటున్నది. యుద్ధం కోసం బ్రిటన్ మన దేశంలో సరుకులు కొంటున్నది. వాటి మూల్యాన్ని లండన్‌లో పౌండ్ల రూపంలో మన ఖాతాకు జమకడుతున్నది. ఆ పౌండ్లను చూపి ఇక్కడ నోట్లు అచ్చువేయవలసి వచ్చింది. నోట్లు పెరిగాయి, సరుకులు తగ్గాయి, ధరలు మండిపోయాయి. లండన్‌లో పేరుకుపోయిన స్టెర్లింగు నిల్వలు భారతీయ సామాన్యుని పస్తులతో కూడబెట్టినవి.

1944 జులైలో బ్రెటన్‌వుడ్స్‌లో 44 దేశాలు సమావేశమై అంతర్జాతీయ ద్రవ్యనిధికి, ప్రపంచ బ్యాంకుకు పునాది వేశాయి. భారత ప్రతినిధివర్గానికి నాయకుడు సర్ జెరిమీ రైస్‌మన్ అనే ఆంగ్లేయుడు. దేశ్‌ముఖ్, షణ్ముఖం చెట్టి, ఎ.డి. ష్రాఫ్ అందులో సభ్యులు. పరాధీన దేశపు ప్రతినిధులై ఉండి కూడా వారు వెనుకబడిన దేశాల అభివృద్ధి అనే సమస్యను సంపన్న దేశాల ముందు ఉంచారు. యుద్ధకాలపు స్టెర్లింగు నిల్వల చెల్లింపులో కొంతభాగాన్నయినా ద్రవ్యనిధి పరిధిలోకి తేవాలని కోరారు. బ్రిటన్ తరఫున వచ్చిన కీన్స్ ప్రభువు అందుకు అంగీకరించలేదు. ఆ వాదనలో మనవారు ఓడిపోయినా, పేద దేశాలకు అంతర్జాతీయ వేదికపై ఒక వాణి ఉన్నదని ఆనాడే తేలిపోయింది.

దేశవిభజన వేళ 1948 జూన్ 30 వరకు రిజర్వు బ్యాంకు భారత, పాకిస్థాన్‌లు రెండింటికీ కేంద్ర బ్యాంకుగా వ్యవహరించింది. రెండు ప్రభుత్వాలు కాశ్మీరులో పోరాడుతుండగా ఒకే బ్యాంకు ఇద్దరి పద్దులూ రాయడం కత్తిమీద సామే. 1949 జనవరి 1న రిజర్వు బ్యాంకు జాతీయమయింది. ఆ జూన్ ఆఖరున గవర్నరు బాధ్యతలనుంచి వైదొలగిన దేశ్‌ముఖ్, 1950 ఏప్రిల్‌లో ప్రణాళికా సంఘం సభ్యులయ్యారు. రెండు నెలలకే, డాక్టర్ జాన్ మథాయ్ రాజీనామాతో ఖాళీ అయిన ఆర్థికమంత్రి పదవి ఆయనను వరించింది.

మంత్రిగా ఆయన చేసిన పనిలో రెండింటిని ప్రధానంగా ఎన్నవచ్చు. రిజర్వు బ్యాంకు నియమించిన గ్రామీణ పరపతి సర్వే సంఘం 1954లో నివేదిక ఇచ్చింది. రైతు తెచ్చుకునే అప్పులో సుమారు 70 శాతం వడ్డీ వ్యాపారుల వద్దనే పుడుతున్నదనీ, సహకార సంఘాల వాటా 3 శాతమే అనీ, వాణిజ్య బ్యాంకుల వాటా ఒక్క శాతమైనా లేదనీ అది తేల్చింది. ఆ సంఘం సిఫార్సు మీదనే ఇంపీరియల్ బ్యాంకు 1955 జులై 1న స్టేట్ బ్యాంకుగా మారింది. అయిదేళ్లలో 400 కొత్త శాఖలు తెరవాలన్న షరతు చట్టంలోనే ఉంది. రెండవది, 1956 జనవరిలో ఆర్డినెన్సు ద్వారా జీవితబీమా వ్యాపారాన్ని ప్రభుత్వ ఆధీనంలోకి తీసుకోవడం. ఈ రెండు చర్యలూ నినాదం కోసం చేసినవి కావు. ఒక పనికి ఏ సాధనం తగినదో లెక్కవేసి చూసి చేసినవి. ఆయనను సోషలిస్టు అనాలా, స్వేచ్ఛావ్యాపారవాది అనాలా అన్న మీమాంసకు ఇక్కడే సమాధానం దొరుకుతుంది.

లోపాలు లేవని కాదు. రెండవ ప్రణాళిక రూపొందిన కాలంలో ఖజానా ఆయన చేతిలోనే ఉన్నది. ఆ ప్రణాళిక ఆరంభమైన కొద్దికాలానికే, 1957 నాటికి, విదేశీ మారకద్రవ్య సంక్షోభం ముంచుకువచ్చింది. పస్తులతో కూడబెట్టిన స్టెర్లింగు నిల్వలు కరిగిపోయాయి. అప్పటికి ఆయన మంత్రివర్గంలో లేకపోయినా, ఆ బాధ్యతలో ఆయనకు భాగం లేదనడం న్యాయం కాదు.

ఆయన మంత్రివర్గాన్ని వీడిన కారణం తెలుగువారికి సుపరిచితమైనది. పొట్టి శ్రీరాములు గారి ఆత్మార్పణ తరువాత మనకు రాష్ట్రం దక్కింది గాని మద్రాసు నగరం దక్కలేదు. మహారాష్ట్రులకు అదే ప్రశ్న బొంబాయి రూపంలో ఎదురయింది. ఆ నగరాన్ని కేంద్రపాలితం చేస్తామని నెహ్రూ ప్రకటించారు. 1956 జనవరిలో బొంబాయి వీధుల్లో పోలీసు కాల్పులకు అనేకులు బలయ్యారు. కొలాబా నుంచి లోక్‌సభకు ఎన్నికైన దేశ్‌ముఖ్ కాల్పులపై న్యాయవిచారణ కోరారు, అది జరగలేదు. మంత్రివర్గాన్ని సంప్రదించకుండా ప్రధాని నిర్ణయాలు ప్రకటిస్తున్నారని జులైలో సభాముఖంగా ఆరోపించి పదవిని వదులుకున్నారు. నెహ్రూ ఆ ఆరోపణను అంగీకరించలేదు. రాజీనామాకు భాషాభిమానం ఒక్కటే కారణం కాదని నా అభిప్రాయం. సమష్టి బాధ్యత వహించవలసిన మంత్రికి సమష్టి నిర్ణయంలో పాలు ఉండాలన్నది ఆయన పట్టుదల. నాలుగేళ్ల తరువాత, 1960 మే 1న, బొంబాయి రాజధానిగా మహారాష్ట్ర అవతరించింది.

పదవి పోయినా ఆయనకు పని తరగలేదు. విశ్వవిద్యాలయ గ్రాంట్స్ కమిషన్ అధ్యక్షత, ఢిల్లీ విశ్వవిద్యాలయ ఉపాధ్యక్ష పదవి, ఇండియా ఇంటర్నేషనల్ సెంటర్ స్థాపన ఆ తరువాతివే. 1953 జనవరి 22న ఆయన వివాహమాడిన శ్రీమతి దుర్గాబాయి మన రాజమండ్రి ఆడపడుచు, రాజ్యాంగ సభ సభ్యురాలు, ఆంధ్ర మహిళాసభ వ్యవస్థాపకురాలు. 1969 ఎన్నికలో ఆయనకు దక్కినది మూడో స్థానమే. ఆనాటి పోరు కాంగ్రెసు ఇంటి కలహం. అందులో ఏ శిబిరానికీ చెందని మనిషికి చోటు లేకపోయింది. దంపతుల చివరి రోజులు హైదరాబాదులో గడిచాయి. దుర్గాబాయి 1981 మేలో, దేశ్‌ముఖ్ 1982 అక్టోబరు 2న కన్నుమూశారు.

రిజర్వు బ్యాంకు గవర్నరుకు, ఆర్థికశాఖకు మధ్య పొరపొచ్చాలు వచ్చాయని వార్త రాయవలసి వచ్చినప్పుడల్లా నాకు దేశ్‌ముఖ్ గుర్తుకు వస్తారు. ఆ రెండు పీఠాలనూ అధిష్ఠించిన వ్యక్తి ఆయన. వ్యవస్థలు చట్టాలతో ఏర్పడతాయి. అవి నిలబడేది మాత్రం, వాటిలో కూర్చున్నవారు లేవవలసిన వేళ లేవగలిగినప్పుడే. నెహ్రూ వంటి నాయకుని ఎదుట, ఆయన ప్రాభవం ఉచ్చస్థితిలో ఉన్న రోజుల్లో, దేశ్‌ముఖ్ ఆ పని చేయగలిగారు.