పుట్టింటి విషం

పల్నాటి వీరచరిత్ర అనగానే అందరికీ నాయకురాలు నాగమ్మ, మాంచాల గుర్తొస్తారు. నాకు మాత్రం పేరిందేవే మెదులుతుంది.

12వ శతాబ్దంలో గురజాల ఏలిన నలగామరాజు ముద్దుల కూతురామె. కొమ్మరాజు కొడుకు అలరాజు ఇల్లాలు. పుట్టిల్లు గురజాల, మెట్టినింటివారిది మాచర్ల పక్షం. కోడిపందెంలో ఓడిన మాచర్లవాళ్లు ఏడేళ్లు వలసపోయారు. గడువు తీరాక, రాజ్యభాగం ఇమ్మని అడగటానికి అలరాజు గురజాలకి రాయబారం వెళ్లాడు. మామగారి ఊరే కదా, భయమేముంటుంది? కానీ చర్లగుడిపాడు దగ్గర విషం పెట్టి చంపేశారు. నాగమ్మ ప్రోద్బలంతో ఆ పని చేసింది నరసింగరాజని వీరగాథ చెబుతుంది. అతను నలగామరాజుకి సవతి తమ్ముడు, అంటే పేరిందేవికి చిన్నాన్న!

పగవాడు చంపితే పుట్టింటికెళ్లి ఏడవచ్చు. పుట్టింటివాళ్లే చంపితే ఎక్కడికెళ్లాలి? ఆమె భర్తతో సహగమనం చేసింది. ఆ తర్వాత కారంపూడిలో, నాగులేటి ఒడ్డున, రెండు పక్షాలూ నెత్తురోడాయి.

ఇప్పటికీ కార్తీకంలో అక్కడ వీరుల తిరునాళ్ల జరుగుతుంది. వీరులకి దణ్ణం పెడదాం, సరే. ఆ చితిని మాత్రం పాతివ్రత్యమని నేను మెచ్చుకోలేను. చిన్నాన్న హంతకుడని తెలిసిన ఆ పిల్లకి, రమ్మని తలుపు తీసే ఇల్లు ఒక్కటీ లేకపోయింది. ఇవాళ అలాంటి ఆడపిల్ల మన గుమ్మంలో నిలబడితే, తలుపు తీద్దాం.